భాగ్య చదివిన అడివి పుస్తకం

పోయిన వారం భాగ్యను నడింట్లో నిలబెట్టి, బావ ఆనందం చేతికి ఫోను ఇచ్చి, మనం మన పనుల్లో పడిపోయాం. పాపం, ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. కొత్తగా చేరినవాళ్లకు నాలుగు మాటలు చెప్పి మళ్లీ ఆ ఇంట్లోకి వెళ్దాం. పాతవాళ్లు కాస్త ఓర్చుకోవాలి.

ఊరు కోరుట్లకు పక్కనే. భాగ్య బీడీలు చేస్తుంది. పుట్టిల్లు సిరిసిల్ల. భర్త మొగిలి సౌదీలో, ఎడారి లోపల, మనిషి అలికిడి లేని చోట గొర్రెలు కాస్తాడు. వస్తానన్న ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పడింది, ఏళ్లు గడిచిపోయాయి. కూతురు గురుకులం హాస్టల్లో ఉంటుంది, సెలవులకు వచ్చి వెళ్తుంది. ఇక మిగిలింది భాగ్య, అత్త దుర్గవ్వ, రెండు మంచాలు. ఆ ఇంట్లో మాట చాలా పొదుపు. నల్లా వచ్చిందా, అన్నం తిన్నవా, మందు వేసుకున్నవా. వీటితోనే పొద్దు గడిచిపోతుంది.

అలాంటి ఇంట్లోకి ఒక నవల వచ్చింది. సిరిసిల్లలో పాత పుస్తకాలమ్మే బండి దగ్గర భాగ్యకు దొరికింది. అట్ట లేదు, పేరు లేదు, రాసినవాళ్లెవరో తెలియదు. సునంద అనే ఆవిడ తన కథను తానే చెప్పుకుంటుంది. పట్నంలో సంసారం చేసి చేసి, తనను ఎవరూ చూడడం లేదని గ్రహించి, అడవిలో పక్షుల లెక్క రాసే పనికి చేరుతుంది. గుడిసెలో ఒక్కతే ఉంటుంది. మొదట చీకటికి భయపడుతుంది, తర్వాత వానకు భయపడుతుంది, ఆ తర్వాత దేనికీ భయపడదు. మంచె మీద కాపలా ఉండే శేఖరం మీద మెల్లగా ప్రేమ పుడుతుంది. శేఖరం కంటే ముందు తన మీద తనకే ప్రేమ పుడుతుంది. భాగ్యకు తెలిసిన అడవి అంతా రుద్రంగి మీదుగా వచ్చే బస్సు కిటికీలోంచి చూసిందే. అయినా ఆ పుస్తకం తెరిస్తే చాలు, ఆమెకు ఆకలి గుర్తుండేది కాదు.

ఇంత బాగున్నదాన్ని ఒక్కతే ఎలా దాచుకుంటుంది? మధ్యాహ్నం మల్లవ్వ ఇంటి రేకుల కింద ఆడవాళ్లంతా చాటలు ముందేసుకుని కూర్చునే చోట, రోజూ కాస్త పైకి చదివేది. చదివే మనిషి బీడీలు చేయలేదు కదా. అందుకని మిగతావాళ్లు తలా కొన్ని చేసి ఆమె చాటలో వేసేవాళ్లు. పూర్వం పాట పాడే ఆమెకు అలా వేసేవాళ్లట, ఇప్పుడు నవల చదివే ఆమెకు వేస్తున్నారు. భాగ్య పక్కన ఫోను పెట్టుకుని, చదివిందంతా రికార్డు చేసి మొగిలికి కూడా పంపేది. మొగిలికి చదువు అంతంతమాత్రం, వినడం మాత్రం ఇష్టం. అక్కడ సిగ్నల్ సరిగ్గా ఉండదు, పెద్దది పంపితే దిగదు. అందుకని ముక్కలు ముక్కలుగా పంపేది.

ఆ ముక్కల్లో ఒకటి దారి తప్పింది. మొగిలి దగ్గరికి ట్యాంకర్‌లో నీళ్లు తెచ్చే వెంకటిది పెగడపల్లి. మొగిలి వింటుండగా ఆ ముక్క ఒక్కటే వెంకటి చెవిన పడింది. అతను కంగారుపడి దాన్ని తన ఫోనులోకి పంపించుకుని, ఇంటికి పంపాడు. అక్కణ్నుంచి అది తిరిగి తిరిగి జగిత్యాలలో మేస్త్రి పని చేసే ఆనందానికి చేరింది. ఆనందం మొగిలికి స్వయానా అన్న. పొద్దున్నే బస్సెక్కి వచ్చి, తల్లి మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఆ ముక్క వినిపించాడు.

ఇప్పుడు మళ్లీ వినిపిస్తున్నాడు.

ఫోనులో భాగ్య గొంతు మాట్లాడింది. "నువ్వు లేకపోవడం నాకు అలవాటైంది. మొదట్లో అదంటే భయమేసేది. ఇప్పుడు నువ్వొస్తావంటే భయమేస్తోంది. పక్క మంచం మీద దగ్గు ఆగాక ఇంట్లో నా ఊపిరి ఒక్కటే వినిపిస్తుంది. దాన్ని వింటూ పడుకోవడం నేర్చుకున్నాను. నువ్వొచ్చి గడపలో నిలబడితే, ఎవరు కావాలని అడుగుతానేమో. నువ్వు విడిచివెళ్లిన మనిషి ఇక్కడ లేదు. ఆమె కోసమైతే రాకు."

అక్కడితో ఆ ముక్క అయిపోయింది. చివర్లో కత్తెర చప్పుడు, ఎవరో ముక్కు చీదిన చప్పుడు.

"ఇగ చెప్పు," అన్నాడు ఆనందం. "రాకు అన్నవా లేదా నా తమ్మున్ని?"

"నేను అనలే బావ. సునంద అన్నది."

"సునంద ఎవలు?"

"పుస్తకంల ఆమె."

దుర్గవ్వ మంచం మీద నుంచే అడిగింది. "పుస్తకంల ఆమెకు నీ గొంతు ఎట్ల అచ్చింది?"

ఇది నిజంగానే అడిగిందో, ఎత్తిపొడుపో భాగ్యకు అర్థం కాలేదు. నవల అంటే ఏమిటో, దాన్ని పైకి చదవడమేమిటో, చదివితే అందులో మనిషి "నేను" అంటే చదివే మనిషి కూడా "నేను" అనాల్సి వస్తుందనీ చెప్పింది. చెప్తుంటే ఆ మాటలు తనకే సాకుల్లాగా వినిపించాయి. ఆనందం తల ఊపలేదు. మనిషి చెడ్డవాడేం కాదు. ఒకసారి మనసులో పడ్డదాన్ని తీసెయ్యడానికి మాత్రం ఆయనకు చాలా టైం పడుతుంది.

"మల్లవ్వత్తను పిలుస్త," అంది భాగ్య. "అందరు ఇన్నరు. నేనొక్కదాన్నే గాదు."

మల్లవ్వ ఎదురింట్లోనే ఉంటుంది. పిలవగానే చంకలో చాటతో సహా వచ్చింది. ఆమె వెనుక ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చి గడప బయటే ఆగిపోయారు. విషయం వినగానే మల్లవ్వకు నవ్వొచ్చింది.

"గిదా. గిది అడివి పుస్తకం గదా ఆనందం. నేను సాక్ష్యం చెప్త. గా పొద్దు గీ ముక్క సదువుతాంటె మా అందరికి కండ్లల్ల నీళ్లే. నేనైతె ఆకు కత్తిరిచ్చుడు బంద్ జేసి కూసున్న. గంత మంచిగ ఎవలు రాసిండ్రో గని, ఆడిదాని మనసుల దూరి రాసిండ్రు అనుకున్నం."

"నువ్వు జూసినవా పుస్తకంల?"

"నాకు సదువస్తె నేను బీడీలెందుకు జేస్త కొడుకా? ఇన్న. చెవులతోని ఇన్న."

దుర్గవ్వ లేచి కూర్చుంది. ఆమె మోకాళ్లు పట్టేసి చాలా రోజులైంది, లేవాలంటే మంచం పట్టె పట్టుకోవాలి. "నాకు సునంద అద్దు, శేఖరం అద్దు. నా కొడుకు ఫోన్ ఎత్తుతలేడు. గది చెప్పుండ్రి ముందుగాల."

అప్పుడు ఆనందం అసలు సంగతి బయటపెట్టాడు. మొగిలి ఎవరికీ ఫోను ఎత్తడం లేదు. వెంకటి మళ్లీ నీళ్లు తీసుకుని పోయేసరికి గుడారంలో మొగిలి లేడు. గొర్రెల దగ్గర వేరే మనిషి ఉన్నాడు, అతని భాష వెంకటికి రాదు. మొగిలి బట్టల పెట్టె కూడా లేదు.

"గీ మాట ఇన్నంకనే గిట్లయింది," అన్నాడు ఆనందం. "ఏడికి పోయిండో, ఏంజేసుకున్నడో. ఎడారిల ఒక్కడే ఉండేటోనికి పెండ్లం గొంతు తప్ప ఏమున్నది? గా గొంతే రాకు అన్నంక..."

ఆయన అక్కడితో ఆపేశాడు. దుర్గవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగిలి నుంచి కబురు లేదన్నది భాగ్యకు తెలుసు. సిగ్నల్ లేదేమో అనుకుని సరిపెట్టుకుంది. ఎప్పుడూ అలాగే సరిపెట్టుకునేది.

"సూడు భాగ్యా," అన్నాడు ఆనందం. "పుస్తకం తే. నేను సదువుత. గీ మాటలు పుస్తకంల ఉంటె తప్పు నాది. వెంకటికి చెప్త, మా సంఘంల చెప్త, ఎవలెవలు ఇన్నరో అందరికి చెప్త. తమ్ముడు ఏడున్నా దొరకవట్టి, అది కత రా పిచ్చోడా అని చెప్త. లేకుంటె మాత్రం సంచి సదురుకో. సిరిసిల్ల బస్సు ఎక్కిస్త. మా అవ్వను నేను జగిత్యాలకు తోల్కపోత."

సిరిసిల్లలో భాగ్యకు తమ్ముడున్నాడు. రెండు గదుల ఇల్లు, అందులో సగం మరమగ్గం. వెళ్తే పొమ్మనరు. ఉండమనీ అనరు. మగ్గం చప్పుడులో ఎవరూ ఏమీ అడగక్కర్లేకుండా రోజులు వెళ్లిపోతాయి.

అయినా భాగ్య ధైర్యంగానే ఉంది. మాటలు పుస్తకంలోనే ఉన్నాయి కదా. లోపలికి పోయి దిండు కింద నుంచి పుస్తకం తెచ్చింది. గుర్తుకోసం పెట్టుకున్న తునికాకు ముక్క దగ్గర తెరిచి, వెనక్కి కొన్ని కాగితాలు తిప్పి, ఆనందం చేతిలో పెట్టింది.

ఆనందానికి చదవడం కొత్త కాదు. ఆదివారం చర్చిలో అందరి ముందూ వాక్యం చదివేది ఆయనే. అలవాటు ఎక్కడికి పోతుంది? లేచి నిలబడి, గొంతు సవరించుకుని, పుస్తకం రెండు చేతులతో పట్టుకుని అదే స్వరంతో మొదలుపెట్టాడు.

"'వాన వెలిసింది. ఏటి అవతలి ఒడ్డున ఒక నెమలి తడిసిన తోకను ఈడ్చుకుంటూ నడిచిపోయింది. దాన్ని లెక్కలో రాయాలని నాకు తోచలేదు. ఇన్నాళ్లూ నేను లెక్కపెట్టినవన్నీ నన్ను చూసి ఎగిరిపోయినవే. ఇది మాత్రం నన్ను చూసి కూడా తన దారిన తాను పోయింది. ఈ అడవిలో నేను కొత్తదాన్ని కానని అప్పుడు తెలిసింది.'"

గడప బయట ఉన్నవాళ్లు లోపలికి వచ్చి కూర్చున్నారు. మల్లవ్వ చాట ఒళ్లో పెట్టుకుంది. ఆమె వేళ్లు వాటంతటవే ఆకు తీసుకుని జర్దా వేసి చుట్టడం మొదలుపెట్టాయి. చదువు వినిపిస్తే చేతులు ఆగవు మరి.

"'మంచె దిగి శేఖరం వచ్చాడు. నా నడక చూసి, కాల్లో ముల్లుందని నేను చెప్పకుండానే గ్రహించాడు. మోకాళ్ల మీద కూర్చుని నా పాదం తన తొడ మీదికి తీసుకున్నాడు. ముల్లు వచ్చేసింది. అతని చెయ్యి మాత్రం నా మడమ మీదనే...'"

ఆనందం స్వరం సగానికి పడిపోయింది. అటూ ఇటూ చూశాడు.

"ఆగకు కొడుకా," అంది మల్లవ్వ. "మడమ మీద?"

"గిది మాకు ఎరుకే గని," అంది పక్కనామె, "ఇంకోపారి సదివినా ఏం కాదు."

"గిదేనా మీరు సదివేది?" అన్నాడు ఆనందం. తిట్టడానికే అన్నాడు, తిట్టినట్టు మాత్రం రాలేదు. రెండు మూడు లైన్లు పెదవులతోనే చదువుకుని, అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపే ఆ పేజీ మీద ఉన్నాడు. ఆపద ఎంత పెద్దదైనా, కథ చెవిలో పడితే మనుషులు ఇలాగే అయిపోతారు. భాగ్యకు కూడా ఒక్క క్షణం అంతా మామూలుగానే ఉందనిపించింది.

"ముంగటికి పో," అంది దుర్గవ్వ. ఆమె ఒక్కతే కథ వినడం లేదు.

ఆనందం కాగితం తిప్పాడు. "'ఆ రాత్రి దీపం ముందు కూర్చుని ఆయనకు ఉత్తరం రాయాలనుకున్నాను.'"

"గిదే," అంది భాగ్య. "గీడనే ఉన్నది. సదువు బావ."

"'చాలాసేపు కూర్చున్నాను. ఏమీ రాయలేదు. దీపం ఆర్పేసి పడుకున్నాను. తెల్లవారి ఏరు దాటి ఉత్తరపు గుట్ట వైపు బయలుదేరాను. అక్కడ పాలపిట్టలు...'"

ఆనందం ఆగాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. తర్వాతి పేజీ చూశాడు, అంతా పాలపిట్టల సంగతే. ముందు పేజీకి వచ్చాడు, ముల్లు సంగతే.

"లేదు," అన్నాడు.

"ఉంటది. నేను సదివిన."

"నువ్వే సూడు."

భాగ్య పుస్తకం తీసుకుంది. వేలు పెట్టి ఒక్కో లైను చూసింది. ఏమీ రాయలేదు. దీపం ఆర్పేసి పడుకున్నాను. ఈ రెండు వాక్యాల మధ్య మరో వాక్యం పట్టేంత జాగా కూడా లేదు.

"కాయితం చినిగిందేమో," అంది మల్లవ్వ. ఆనందం పేజీ నంబర్లు చూసి తల అడ్డంగా ఊపాడు. ఏ కాగితమూ పోలేదు.

మల్లవ్వ చేతిలో బీడీ సగంలో ఆగిపోయింది. భాగ్య వైపు తేరిపార చూసింది. "మరి గా పొద్దు మేమందరం ఎవల మాటకు ఏడ్సినం?"

భాగ్యకు ఆ మధ్యాహ్నం ఇప్పుడు గుర్తొచ్చింది. సునంద ఉత్తరం రాయలేదని చదివాక భాగ్యకు చాలా కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చి, ఇంత ధైర్యం చేసి, ఒక్క ఉత్తరం రాయడానికి ఏమైంది ఈమెకు అనుకుంది. రాస్తే ఏమని రాసేదో అనుకుంది. అంతవరకే అనుకున్నానని ఇన్నాళ్లూ నమ్మింది. నోరు ఆగకుండా ముందుకు పోయిందని, అది కూడా పుస్తకం భాషలోనే పోయిందని ఇప్పుడు తెలిసింది. తన ఇంటి భాషలో అయితే ఆ మాటలు గొంతు దాటి వచ్చేవి కావు. సునంద భాషలో కాబట్టి వచ్చేశాయి. అందరూ ఏడుస్తుంటే తనకూ ఏడుపొచ్చింది. ఎంత బాగా రాశారో అని తను కూడా అనుకుంది. తన మాటకు తానే ఏడ్చిందని తెలిసేసరికి భాగ్యకు సిగ్గేసింది, భయమేసింది. ఆ రెండింటి అడుగున, చెప్పుకోవడానికి వీల్లేని చిన్న సంతోషం కూడా ఉంది.

దుర్గవ్వ అంది, "నాకు మొదలే ఎరుక."

ఆనందం తల్లి వైపు తిరిగాడు.

"అడివిల ఒక్కతే ఉండేదానికి పక్క మంచం ఎక్కడిది? దగ్గు ఎక్కడిది? గా దగ్గు నాది." దుర్గవ్వ కోడల్ని చూడకుండా మంచం నులక వైపు చూస్తూ మాట్లాడింది. "నేను దగ్గుడు ఆగంగనె నువ్వు నిద్రపోతవనుకునేదాన్ని. నా దగ్గుతోని నీకు నిద్ర లేదని, నోట్ల కొంగు పెట్టుకోని ఆపుకునేది. నువ్వు మేలుకోనే ఉంటవా?"

"ఉంట అత్తా."

"నేను గూడ ఉంట."

ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. రోజూ పక్క పక్క మంచాల మీద, ఒకరు నిద్రపోయారని ఇంకొకరు అనుకుంటూ, ఇద్దరూ కళ్లు తెరుచుకునే పడుకున్నారు. ఒక్కరు పలికినా ఇద్దరికీ కాస్త తోడు దొరికేది. భాగ్యకు అత్త పక్కన కూర్చోవాలనిపించింది. ఆనందం మధ్యలో నిలబడి ఉన్నాడు.

"అయితె రాకు అన్నది నువ్వే," అన్నాడు.

ఇక్కడ భాగ్యకు ఒక దారి ఉంది. ఏదో నోటికొచ్చింది అన్నాను బావ, అందులో నిజం లేదు అంటే సరిపోయేది. ఆనందం కూడా ఆ మాట కోసమే చూస్తున్నాడు. ఆయనకు తమ్ముడి కాపురం నిలబడితే చాలు, మరదల్ని బస్సెక్కించాలని ఏమీ సరదా లేదు. మల్లవ్వ కూడా అను, అను అన్నట్టు కళ్లతోనే చెప్తోంది.

"నేనే అన్న బావ," అంది భాగ్య.

"నిజంగనె అన్నవా, కతకు అన్నవా?"

"అన్నప్పుడు కతకే అన్న అనుకున్న. ఇప్పుడు ఇంటె నిజమే అనిపిస్తున్నది."

"తమ్ముడు అచ్చుడు నీకు ఇష్టం లేదా?"

"గట్ల అనలే. ఆయన పోయినప్పుడు ఉన్న భాగ్య కోసం అస్తె, గామె ఈడ లేదు అన్న. అబద్ధం ఎట్ల చెప్పాలె? గామె నాకే కనవడుతలేదు."

ఆనందానికి ఇది అర్థమైందో లేదో తెలియదు. ఆయన ముఖంలో కోపం కంటే అలసట ఎక్కువగా కనిపించింది. పుస్తకం మూసి కుర్చీ మీద పెట్టాడు.

"నీ మాటకు నా తమ్ముడు ఏమైండో తెలిసేదాంక నువ్వు ఈడ ఉండుడు మంచిగుండదు. సంచి సదురుకో."

దుర్గవ్వ ఏదో అనబోయి, దగ్గు వచ్చి ఆగిపోయింది. భాగ్య లోపలి గదిలోకి నడిచింది. ఏడుపు రాలేదు. ఏం పెట్టుకోవాలో తోచలేదు. దండెం మీది చీర తీసింది, మళ్లీ వేసింది. మొగిలి ఏమయ్యాడన్న భయం ఒక్కటే మిగిలింది. నిజం చెప్పినందుకు మనిషి పోతే, ఆ నిజాన్ని పట్టుకుని ఏం చేసుకోవాలి? ఆ ప్రశ్నకు సునంద దగ్గర కూడా జవాబు దొరకదు. ఆమె అడవిలో ఎవరూ ఆమె మాటకు చచ్చిపోరు.

గూట్లో ఫోను చార్జింగ్‌లో ఉంది. పొద్దున ఆనందం వచ్చిన హడావిడిలో భాగ్య దాని వైపు చూడనేలేదు. సంచిలో వేసుకుందామని వైరు పీకింది. పైన మొగిలి పేరు. వాయిస్ మెసేజ్. వచ్చి కొంతసేపయింది.

వేలు తగలగానే అది గట్టిగా మోగింది. బయట గదిలో మాటలన్నీ ఆగిపోయాయి.

"భాగ్యా. నేనే. జగిత్యాల బస్టాండ్ల ఉన్న."

దుర్గవ్వ గోడ పట్టుకుని గది గుమ్మం దాకా నడిచి వచ్చింది. ఆమె వెనుక ఆనందం.

"ఎవలకు చెప్పలే. మా యజమాని ఖఫీల్‌ను బతిలాడి ఇంటికచ్చేటందుకు చుట్టీ తీస్కున్న. అన్న ఫోన్ జేస్తనే ఉన్నడు. ఎత్తితె ఏం చెప్పాల్నో తెల్వక ఎత్తలే. గా ముక్క పుస్తకంలది కాదు. నాకు ఎరుకే. నువ్వు సదివేటప్పుడు ఒక లైను అయిపోంగనె జెర ఆగుతవు, కింది లైను దొరకవట్టేటందుకు. గా ముక్కల ఎక్కడ ఆగలే. గొర్ల కాడ నాకు ఇంకేం పని? నీ గొంతు ఇనుడే పని. అందుకే పట్టుకున్న."

మధ్యలో కండక్టర్ అరుపు వినిపించింది. కోరుట్ల, మెట్‌పల్లి, కోరుట్ల. మొగిలి గొంతు కాస్త దగ్గరికి వచ్చింది. ఫోను నోటి దగ్గర పెట్టుకున్నట్టున్నాడు.

"అబద్ధం చెప్ప. ఇమానం ఎక్కినప్పుడు నేను ఇడిసిపెట్టి పోయిన భాగ్య కోసమే ఎక్కిన. నాకు ఎరుకైంది గామె ఒక్కతే. ఇంకో భాగ్యను నేను సూడనే లేదు. బస్సు ముంగట నిలవడ్డంక యాదికచ్చింది, గామె కోసమైతె రాకు అన్నవు గద. ఎక్కాల్నా అద్దా, నువ్వే చెప్పు. నువ్వు చెప్పేదాంక ఎక్క. అద్దంటె అవ్వకు తెల్వనియ్యకు, ఇట్లనె మర్రిపోత."

మెసేజ్ అయిపోయింది.

"బస్టాండ్ల నిలవడ్డడా నా కొడుకు," అంది దుర్గవ్వ. ఎవరితోనో కాదు, గోడతో అన్నట్టు అంది. తర్వాత కోడలి మోచెయ్యి పట్టుకుంది. "రమ్మను. రమ్మని చెప్పు."

ఆనందం చెయ్యి చాపాడు. "ఫోను నాకియ్యి, నేను మాట్లాడుత."

భాగ్య ఇవ్వలేదు. బావ అడిగింది ఇవ్వకపోవడం ఆమెకు ఇదే మొదలు. గుమ్మంలో అత్త, వెనుక బావ, వాళ్ల భుజాల మీదుగా మల్లవ్వ. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. రా అని ఒక్క మాట అంటే అతను బస్సెక్కుతాడు, పోయినప్పటి భాగ్య దగ్గరికే వస్తాడు. ఆ భాగ్యలాగా గడపలో నిలబడి చెంబుతో నీళ్లివ్వడం ఏమంత కష్టం కాదు. తర్వాత పక్కన మనిషి ఉండగానే కళ్లు తెరుచుకుని పడుకోవాలి. అద్దు అంటే ఆ ఎడారి, ఈ రెండు మంచాలు ఎక్కడివక్కడే ఉంటాయి.

మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టింది.

"ఇను," అంది. "నీకు ఒక సంగతి చెప్త. అది ఇన్నంకనే బస్సు ఎక్కుడో, మర్రిపోవుడో."

అంతవరకు అనేసింది. ఆ సంగతి ఏమిటో ఆమెకు ఇంకా తెలియదు. వేలు కింద సెకన్లు పరుగెడుతున్నాయి.